చిన్న పొయ్యి పంపుతున్నాను

కోదాడ,
9 డిసెంబరు 2024.

మిత్రుడు వంశీకి,

కోదాడ నుంచి జయరాజు నమస్కారాలు. ప్రభువు దయ వల్ల నేను బాగానే ఉన్నాను. మిర్యాలగూడ మిల్లు పనుల్లో నువ్వు, గరిడేపల్లి ఇంట్లో మీ అమ్మగారు సత్యవతమ్మ, కొత్తగా ఆ ఇంట అడుగుపెట్టిన దేవిక గారు అందరూ చల్లగా ఉండాలని కోరుకుంటున్నాను.

ఆదివారం దేవిక గారిని, మీ బావమరిది శ్రీనివాస్‌ను తీసుకుని మఠంపల్లి దగ్గర కృష్ణ ఒడ్డుకు పోతున్నామని ఫోన్ చేశావు. "నువ్ రావాలె జయా, నువ్ లేకుంటే గాడ తిండి ఎట్ల?" అన్నావు. నేను రాలేను. బడిలో పరీక్ష పేపర్లు కుప్పగా ఉన్నాయి. మోతెలో అమ్మకు మోకాళ్ల నొప్పులు పెరిగాయి, ఆదివారం ఆమె దగ్గర ఉండాలి. అదే చెబితే, "అయితే ఎట్ల చెయ్యాల్నో మెసేజ్ పెట్టు" అన్నావు. మెసేజ్‌లో పట్టే సంగతి కాదని కాగితం మీద రాస్తున్నాను. ఈ ఉత్తరం, మన మడత పొయ్యి, గ్యాస్ డబ్బా మీ మిల్లుకు వచ్చే మనిషి చేతికి ఇచ్చి పంపుతున్నాను.

ముందు పొయ్యి సంగతి. నది మీద గాలి ఎక్కువ. గాలి వచ్చే వైపు మాత్రమే రాళ్లు పేర్చు. చుట్టూ కట్టేస్తే డబ్బా వేడెక్కి పేలుతుంది. మనిద్దరం మొదటిసారి నది ఒడ్డుకు పోయినప్పుడు నువ్వు నాలుగు వైపులా రాళ్లు పేర్చబోతే నేను అరిచాను, గుర్తుందో లేదో. ఆ తర్వాత నువ్వు పొయ్యి ముట్టుకోలేదు. దుప్పటి పరుచుకుని ఆకాశం చూస్తూ పడుకునేవాడివి. అందుకే ఇవన్నీ నీకు కొత్తగా ఉంటాయి.

ఉప్మాకు రవ్వను ఇంట్లోనే వేయించుకో. ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు పెట్టి ఆ రవ్వలోనే కలిపి, చల్లారాక డబ్బాకు ఎత్తుకో. ఒడ్డున చేయవలసింది నీళ్లు మరిగించడమే. గ్లాసు రవ్వకు మూడు గ్లాసుల నీళ్లు. రవ్వను ఒక చేత్తో పోస్తూ ఇంకో చేత్తో కలపాలి, ఆగితే ఉండలు కడుతుంది. సూర్యాపేటలో బీఈడీ చదివేటప్పుడు కిరాయి గదిలో నేర్చుకున్న ఉప్మా ఇది. అప్పుడు మనకు పళ్లెం ఒక్కటే. నువ్వు ఒక అంచు నుంచి, నేను ఒక అంచు నుంచి తినుకుంటూ వచ్చేవాళ్లం. నడుమ మిగిలిన ముద్ద "నువ్ తిను" అంటే "నువ్ తిను" అని చల్లారిపోయేది.

కోడిగుడ్లు పగలకుండా డబ్బాలో రవ్వ మధ్యనే దూర్చి పెట్టుకో. ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, టమాట నూనెలో బాగా మెత్తబడనివ్వు. ఉప్పు, కారం వేశాక గుడ్లు కొట్టి పోసి మూత పెట్టు. కలపకు. నీకు ఓపిక ఉండదు, మూత తీసి చూస్తూనే ఉంటావు. చూడకు. మంట తగ్గించి కాసేపు వదిలెయ్యి, పచ్చసొన మీద తెల్లటి పొర వస్తే దించాలి.

చాయ్‌కి పాలు మోసుకుపోవద్దు. అల్లం దంచి నీళ్లలో వేసి మరిగించి, చిటికెడు చాయ్‌పత్తా, బెల్లం వెయ్యి. దించిన తర్వాతే నిమ్మకాయ పిండు, పొయ్యి మీద పిండితే చేదెక్కుతుంది. ఒకసారి వాన పట్టుకుంటే చెట్టు కింద టార్పాలిన్ కప్పుకుని ఈ చాయ్ తాగాం. నా గ్లాసు బురదలో పడితే నీ గ్లాసులో సగం నాకు ఇచ్చావు. ఆ రోజు నాకు నీ కంటే దగ్గరివాడు లేడనిపించింది. ఈ మాట నీకు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పకపోవడమే మంచిదైంది.

మీ పెళ్లి దావత్ రోజు నేను తినకుండా వచ్చేశానని మీ అమ్మగారు నొచ్చుకున్నారని చెప్పావు. కోదాడ బస్సు పోతుందని తొందరపడ్డానని, ఏమీ అనుకోవద్దని ఆమెకు చెప్పు.

గిన్నెలు నదిలో తోమవద్దు. ఒడ్డు మీదికి నీళ్లు తెచ్చుకుని కడుక్కోండి.

ఇట్లు,
జయరాజు

తా.క.: కవరు అంటించబోయి ఆగాను. పేపర్లు శుక్రవారమే దిద్దేశాను. అమ్మ మోకాళ్లకేమీ కాలేదు, నిన్న చర్చికి నడిచే పోయింది. దావత్ రోజు బస్సు తొందర కూడా లేదు.

ఆ రోజు మీ అమ్మగారు నా చెయ్యి పట్టుకుని అందరి వరుసలోనే కూర్చోబెట్టారు. "ఆకలైతున్నదేమో బిడ్డా, ముందుగాల నువ్ తిను" అని దగ్గరుండి వడ్డించారు. తినేముందు చేతులు కడుక్కుందామని లేచి ఇంటి వెనక నల్లా దగ్గరికి వెళ్లాను. గోడకు అటువైపు నువ్వు మన నది ఒడ్డు ఫొటోలు శ్రీనివాస్‌కు చూపిస్తున్నావు. "వాళ్ల చేతి వంట నువ్ తింటవా బావా?" అని అతను అడిగాడు. నువ్వు నవ్వావు. "ఛ, ఆడు నీళ్లు మోస్తడు, గిన్నెలు తోముతడు. వంట మొత్తం నాదే" అన్నావు.

శ్రీనివాస్ మాట నాకు కొత్త కాదు. అటువంటివి విని ఊరుకోవడం మా నాన్న లాజరు నాకు చిన్నప్పుడే నేర్పించి పోయాడు. నీ నోటి నుంచి వినడమే నేర్చుకోలేదు. తిరిగి విస్తరి ముందు కూర్చుంటే ముద్ద దిగదని తెలిసి, మీ అమ్మగారికి బస్సు సాకు చెప్పి బయటపడ్డాను. ఆమె గేటు దాకా వచ్చి పిలుస్తూనే ఉన్నారు.

అందుకే ఇంత వివరంగా రాశాను. ఆదివారం వంట నువ్వే చెయ్యి. నువ్వు అన్న మాట ఒక్క పూటకైనా నిజమవుతుంది. పొయ్యి తిరిగి పంపవద్దు.