ఆఖరాటలో ఒక్క గోలు

దువ్వాడ,
ఆదివారం

అక్కా,

నీకూ, అమ్మకీ, నాన్నకీ దండాలు. అమ్మ మోకాలు నొప్పి తగ్గిందా? నాన్న మిట్టమధ్యాహ్నం పొలంలో తిరగడం మానేశారా? నా గురించి బెంగపడకండి, బాగానే ఉన్నాను. హాస్టల్ సాంబారు వట్టి నీళ్ళే. ఉక్కపోతకి చొక్కా పిండితే బకెట్టు నిండుతుంది. ఎలమంచిలి వైపు వెళ్ళే రైలు ఆగినప్పుడల్లా ఎక్కేయాలనిపిస్తుంది. అయినా బాగానే ఉన్నాను. ఇవాళైతే సంతోషం పట్టలేక రాస్తున్నాను. నిన్న మేం ఓడిపోయాం!

నవ్వకు, విను. మా కాలేజీ ఫుట్‌బాల్ టీముకి నన్ను కెప్టెన్ని చేశారని చెప్పాను కదా. విద్యార్థి సంఘం మీటింగుల్లో కొన్న చిన్న పుస్తకాల్లో చదివిందంతా అమల్లో పెట్టేశాను. మనుషులంతా సమానమైనప్పుడు ఎప్పుడూ ఒకడే గోల్‌కీపర్‌గా నిలబడ్డమేమిటి? వంతులేశాను, ఆటకొకడు. ఐదాటలు ఆడాం, ఐదూ పోయాయి. మేం ఒక్క గోలూ కొట్టలేదు. తప్పంతా రిఫరీదేనని మీదకెళ్ళి అరిచాను, రెండుసార్లు బయటికి గెంటించుకున్నాను. చివరికి ఆటలు చూసే మా పీడీ సారు తేల్చేశారు: "ఆఖరాటలో ఒక్క గోలైనా కొట్టకపోతే వచ్చే ఏడు టీమే ఉండదు. గ్రౌండు బస్సులు నిలుపుకోడానికి ఇచ్చేస్తారు."

మా టీములో మోజెస్ అని ఉన్నాడు. వాళ్ళ నాన్నది ఫిషింగ్ హార్బర్‌లో పని. బోటు మీంచి విసిరే చేపల బుట్టలు చిన్నప్పట్నించీ పట్టిన చేతులు వాడివి. అలాంటివాణ్ణి నేను ముందు వరసలో పరిగెత్తిస్తున్నాను! ఆ సాయంత్రం నిలదీశాడు.

"బావా, నన్ను గోల్లో ఒగ్గీ. బంతి పట్టడమే నాకొచ్చిన పని."

"సమానత్వం అంటే ఏటో తెలుసారా నీకు?"

"తెల్దు. నీ పుస్తకం ఎప్పుడైనా బంతాడిందేటి?"

అందరూ పడీపడీ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. "అయితే చేతులెత్తండి!" అన్నాను. వాడి వైపు అందరూ, నా వైపు నేనొక్కణ్ణే. నలుగురి మాట నెగ్గాలని రోజూ ఉపన్యాసాలిచ్చేది నేనే కదా, ఇంకేం చేస్తాను? రిఫరీ దగ్గర నేను నోరు విప్పకూడదని కూడా అప్పుడే తీర్మానించేశారు.

నిన్న ఆఖరాటలో రెండు గోల్స్ తిన్నాం. కానీ మోజెస్ ఆపినవి చూడాల్సింది! ఇంకాసేపట్లో ఆట అయిపోతుందనగా బంతి పట్టి సగం గ్రౌండు దాకా నాకు విసిరాడు. అవతలివాడు భుజంతో తోసేశాడు, మోకాళ్ళ మీద పడ్డాను. విజిల్ లేదు! మాట నాలుక చివరిదాకా వచ్చిందక్కా. మింగేశాను. బంతి ఇంకా నా పక్కనే ఉంది. లేచి ముందు వరసలో ఉన్న మా రమణ ముందుకి తన్నాను. వాడు కొట్టాడు. గోలు!

రమణని భుజాల మీదెక్కించుకుని గ్రౌండంతా తిరిగాం. గెలిచినవాళ్ళు నోళ్ళు తెరిచారు. "ఓడిపోయి ఊరేగతన్నారేట్రా?"

పీడీ సారు నవ్వు ఆపుకుంటూ కాగితం తీశారు. "మాటంటే మాటే. వచ్చే ఏడు టీము ఉంటుంది. కెప్టెన్ పేరు చెప్పండి." అందరూ నా మొహం చూశారు.

"మోజెస్" అన్నాను. నిన్న గ్రౌండులో నేను గట్టిగా అన్న మాట అదొక్కటే.

నాన్నకి గోలు సంగతి ముందు చెప్పి, ఓడిన సంగతి తర్వాత చెప్పు. ఇటు ఎవరైనా వస్తుంటే చింతకాయ పచ్చడి ఇద్దరికి సరిపడా పంపు. పెద్దవాళ్ళందరికీ నమస్కారాలు. మీ దీవెనలుంటే చాలు.

నీ తమ్ముడు,
శ్రీను