టీ గ్లాసు టెస్టు

మార్చి 3, సోమవారం
సుల్తాన్‌పూర్‌లోని మా ఫ్యాక్టరీలో డైపర్లకు బయటివైపు వేసే పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్ తయారవుతుంది. నీళ్లు కారకూడదు, ఆవిరి మాత్రం బయటికి పోవాలి. ఫిల్మ్‌ని సాగదీస్తే అందులో కలిపిన సుద్దపొడి చుట్టూ కంటికి కనిపించని రంధ్రాలు పడతాయి. ఇంత సైన్సును మా లైన్ ఆపరేటర్ వెంకటేశం టీ గ్లాసుతో తేలుస్తాడు! వేడి టీ మీద ఫిల్మ్ బిగించి, పైన తన కళ్లజోడు పెడతాడు. అద్దాలు మసకబారితే పాస్. ఎమ్మెస్సీ చదివి, ఇక్కడ ల్యాబ్ నడిపే నేను చూడాల్సిన సర్కస్ ఇది.

మార్చి 5
ఇవాళ పెద్దమనిషి ఏకంగా లైనే ఆపేశాడు. ఫిల్మ్ ఊపిరి తీస్కుంటలేదు మేడం, జెర సూడుర్రి అని. వాళ్ల ఊరు ఇంద్రేశంలో పొలం ప్లాట్లకిచ్చేసి వచ్చి నాకు పాఠాలు!

ల్యాబ్‌లో కప్పులో నీళ్లు పోసి, ఆ ఫిల్మ్ బిగించి, తూకం వేసి పెట్టాను. రేపటికి ఎంత బరువు తగ్గితే అంత ఆవిరి పోయినట్టు. ఫిల్మ్‌ని కప్పులకి బిగించే రబ్బరు రింగులు పాతబడ్డాయని ట్రైనీ అంకిత గొణిగింది. నీ పని చూసుకోమన్నాను.

మార్చి 6, ఉదయం 10
పాస్. బరువు ఎప్పటికన్నా ఎక్కువే తగ్గింది. నాకు తెలియదా!

లైన్ ఎవరివల్ల ఆగిందో రాసివ్వమన్నాడు మేనేజర్ రాజశేఖర్. రాశాను. హాయిగా రాశాను.

మార్చి 7
వెంకటేశాన్ని గేటు దగ్గరే ఆపేశారట. ఆరేండ్ల సంది గీ మిషిన్‌తోనే ఉన్న, నాకు తెల్వదా అన్నాడట సెక్యూరిటీతో. పీడా పోయింది.

మార్చి 19
డైపర్ల కంపెనీ నుంచి ఆ ఫిల్మ్ రోల్స్ వాపసొచ్చాయి. ఆవిరి పోవడమే లేదట.

మార్చి 20, సాయంత్రం 6
మరి నా కప్పులో నీళ్లెక్కడికి పోయినట్టు? అంకితని అడగడానికి మొహం చెల్లలేదు. ఆమె వెళ్లాక రింగు తీసి చూశాను. చుట్టూ పగుళ్లు. ఆవిరి ఫిల్మ్‌లోంచి కాదు, పక్కనుంచి పోయింది. నేనేమో పాస్ అని సంతకం పెట్టి ఓ మనిషి ఉద్యోగం ఊడగొట్టాను. ఎమ్మెస్సీ అట, ఎమ్మెస్సీ! ఛీ.

రాజశేఖర్‌కి చెప్తే నవ్వాడు. వెంకటేశం ఎట్లాగూ పోయిండు, గిది కూడా ఆయన మీదనే రాసెయ్యి అన్నాడు. వాడి మొహం చూడాలంటేనే అసహ్యంగా ఉంది. మొన్న హాయిగా రాసిన చెయ్యి మాత్రం నాదే.

మార్చి 21
వాపసొచ్చిన ఫిల్మ్‌ని టీ గ్లాసు మీద బిగించాను. పైన నా కళ్లజోడు పెట్టాను. అద్దాలు మసకబారలేదు.

తప్పు నాదని హెడ్డాఫీసుకి మెయిల్ పెట్టాను. వెంకటేశానికి మెయిల్ లేదు. ఇంద్రేశం ఆటో ఎక్కాను.