నా చేత్తో రాయాల్సిన మాట

మహూజ్,
బహ్రెయిన్,
డిసెంబరు నెల, ఆదివారం

ప్రియమైన లక్ష్మిప్రసన్న నాన్నగారికి,

మీ వీరలక్ష్మి నమస్కరించి రాసుకునేది. మీ ఒంట్లో ఎలా ఉంది? మోకాలి నొప్పి తగ్గిందా, మెట్లు దిగేటప్పుడు ఇంకా గోడ పట్టుకుంటున్నారా? షుగరు బిళ్ళలు వేళకి వేసుకుంటున్నారా? చెవుల్లో ఆ రొద ఎలా ఉంది? మీ గదిలో ఉండే పరమేశ్ నడుం పట్టేసిందన్నాడు, నువ్వుల నూనె రాసుకోమన్నాను, రాసుకుంటున్నాడా? మీ బిల్డింగు గేటు దగ్గర కుంటి పిల్లి ఈనిందా? ఇక్కడ నేను పనిచేసే ఇంట్లో మేడం గారి అత్తగారికి దగ్గు, పిల్లలకి జలుబు. ఊళ్ళో మన అమ్మాయి లక్ష్మిప్రసన్న బాగానే ఉంది, మనవరాలికి పన్ను కదులుతోందట. నేనూ బాగానే ఉన్నాను, అరిచేతుల మంటలు తప్ప.

వరసగా రెండు శుక్రవారాలు మీరు మనామా గుడి దగ్గరికి రాలేదు. ఫోను చేస్తే స్విచాఫ్. పరమేశ్ కూరగాయల బండి మా మేడం ఇంటికి వచ్చినప్పుడు అడిగాను. వాడు ఉల్లిపాయల బస్తా దించుతూ నవ్వాడు. “మామ మంచిగనే ఉన్నడత్తా. కండ్లు మూసుకొని కూసున్నడు. రెండుసార్లు పిలిచిన, పలుకలే. బొమ్మలెక్క ఉన్నడు” అన్నాడు. వాడికి నవ్వులాటే. మా మేనమామ పక్షవాతం వచ్చే ముందు సరిగ్గా అలాగే కూర్చున్నాడు, పిలిస్తే పలకలేదు.

మూతి వంకర పోలేదు కదా? ఈ ఉత్తరానికి జవాబు మీ కుడిచేత్తోనే రాయండి. అక్షరం చూసి తెలుసుకుంటాను. పరమేశ్ చేత రాయించారంటే బండెక్కి వచ్చేస్తాను, మేడం ఏమన్నా సరే. వాము వేయించి పొట్లం కట్టి పంపుతున్నాను, గోరువెచ్చని నీళ్ళతో వేసుకోండి. దేనికైనా మంచిది.

మీ
వీరలక్ష్మి


హమద్ టౌన్,
బుధవారం

ప్రియమైన వీరలక్ష్మికి,

వెంకన్న దీవించి రాసేది. ఇది నా కుడిచెయ్యే. మూతి ఉన్నచోటే ఉంది. పిల్లి ఈనింది. నీ వాము పరమేశ్ సగం తినేశాడు.

నాకు జబ్బు లేదు. మనామాలో పరశురాం గారని ఒకాయన ఉన్నారు. కంపెనీలో అకౌంటు పని. శుక్రవారం ఆయన ఫ్లాటులో పదిహేను మందిమి కూర్చుని ధ్యానం చేస్తాం. ఊపిరి వచ్చేది, పోయేది చూడటమే, అంతకంటే ఏమీ లేదు. కాషాయం కట్టరు, దక్షిణ అడగరు. ఆ రోజంతా మౌనం. అందుకే రాలేదు, ఫోనూ కట్టేశాను. గదిలో కూడా డ్యూటీ అయ్యాక కూర్చుంటున్నాను.

రోడ్లు పగలగొట్టే మిషను పట్టుకుని ఎన్నేళ్ళు పనిచేశానో నీకు తెలుసు. ఆ మిషను ఆపేసి వాచ్‌మన్ పనిలో చేరినా అది నా తలలో ఆగలేదు. కళ్ళు మూసుకుని కూర్చుంటే ఆగుతోంది. లేదా అది మోగుతున్నా నాకు దూరంగా ఉంటోంది. ఆ కాసేపూ ఎవరో నా పక్కన కూర్చున్నట్టుంటుంది. మాట్లాడరు, నన్ను మాట్లాడమనరు. దేవుడంటావో ఇంకేమంటావో నువ్వే అనుకో.

ఇది నేను కావాలని చేసింది కాదు. లాక్కెళ్ళింది, వెళ్ళాను. మన చేతుల్లో ఏముంది గనక. కంగారు పడకు.

ఆశీస్సులతో,
వెంకన్న


మహూజ్,
క్రిస్మస్ తర్వాత సోమవారం

ప్రియమైన మీకు,

అక్షరం కుడిచేతిదే. చూశాక అన్నం తిన్నాను. ఆ తర్వాత మళ్ళీ భయం మొదలైంది.

అంతసేపు కదలకుండా కూర్చుంటే మోకాలు ఏమవుతుంది? షుగరు పడిపోతే మౌనంలో ఎవరిని పిలుస్తారు? కళ్ళు మూసుకున్నప్పుడు పక్కన ఎవరో కూర్చున్నట్టుంటుందని రాశారు. ఆ ముక్క నాకు నచ్చలేదు. ఎవరో ఏమిటి?

అదేమిటో చూద్దామని నేనూ కూర్చున్నాను. ముసలావిడకి అన్నం పెట్టేసి, బట్టల మిషను పక్కన పీట వేసుకుని కళ్ళు మూసుకున్నాను. ఊపిరి చూడమన్నారు కదా, చూశాను. ఒక ఊపిరికి గ్యాసు కట్టానా లేదా అని, ఇంకో ఊపిరికి అమ్మాయి మోకాళ్ళ మీద గచ్చు కడుగుతోందేమో అని, ఇంకోదానికి మన ఇంటి దొడ్డి తలుపు గొళ్ళెం అని. నాకు ఊపిరి లోపల అందరూ ఉన్నారు. దేవుడికి చోటెక్కడ? ముసలావిడ కర్రతో భుజం మీద పొడిచింది, బతికున్నానో లేదో చూద్దామని. ఆవిడ చేతిలో తస్బీ, ఆ జపం పూసల దండ, తిరుగుతూనే ఉంటుంది, కళ్ళు మాత్రం టీవీ మీద, నా మీద. ఆవిడకి కుదిరింది, నాకు కుదరలేదు.

అది పోనివ్వండి. ఊళ్ళో మన ఇంట్లో అద్దెకున్న టీచరుగారు ఉగాదికి ఇల్లు ఖాళీ చేస్తామన్నారు. ఈద్ అవగానే నా వీసా కాన్సిల్, మీదీ అప్పుడే. ఇన్నేళ్ళూ ఈ చిన్న దీవిలో మీరొక చోట, నేనొక చోట. ఇక ఊరెళ్ళి ఒక కప్పు కింద ఉండబోతున్నాం. మంచం కొనాలా, పాతది బాగు చేయించాలా, మాట్లాడుకోవాలి. మీరేమో కనబడరు. పరమేశ్ ఒక మాట చెప్పాడు, నిజమో కాదో రాయండి. మీరు ఊరికని కొన్న దుప్పట్లు, పెద్ద సూట్‌కేసు కూలీల క్యాంపులో వాళ్ళకి ఇచ్చేశారట. “మామ సామానంత పంచుతుండు. నాకు బూట్లిచ్చిండు, పట్టలేవు” అన్నాడు.

ఊరికి వెళ్ళేవాళ్ళు సామాను కూడబెడతారు గాని పంచేస్తారా? ఎందుకు పంచారు?

మీ
వీరలక్ష్మి


హమద్ టౌన్,
కొత్త సంవత్సరం, శనివారం

ప్రియమైన వీరలక్ష్మికి,

నువ్వు అడిగావు కాబట్టి రాస్తున్నాను. చెప్పాలనే అనుకున్నాను, ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

పరశురాం గారి గురువుగారికి మన్యం దగ్గర ఆశ్రమం ఉంది. ఇల్లూ పిల్లల బాధ్యతా తీరినవాళ్ళు వానప్రస్థం తీసుకుని అక్కడే ఉండిపోవచ్చు. తోటపని, ధ్యానం. నేను అక్కడికి వెళ్దామనుకుంటున్నాను. నువ్వు ఆ ఇంట్లో హాయిగా ఉండు. అమ్మాయి దగ్గరే ఉంది.

వాళ్ళకి ఒక నియమం ఉంది. పెళ్ళయినవాడు భార్య సమ్మతి లేకుండా రాకూడదు. ఆ సమ్మతి ఆవిడ తన చేత్తో రాయాలి. ఇంకొకరు రాసి ఆవిడ వేలిముద్ర వేస్తే చెల్లదు. నువ్వు మూడో తరగతి చదివావు, అక్షరాలు వచ్చు, అది మన అదృష్టం. “నా ఇష్టపూర్వకంగా పంపుతున్నాను” అని రాసి కింద పేరు రాయి, చాలు.

బాధపడకు. ఎవరికి ఎవరు ఎంతకాలమో ముందే రాసిపెట్టి ఉంటుంది. మనం చదువుకుంటూ పోవడమే.

ఆశీస్సులతో,
వెంకన్న


మహూజ్,
జనవరి, పండగ దాటిన ఆదివారం

లక్ష్మిప్రసన్న నాన్నగారికి,

ఇన్నాళ్ళూ జవాబు రాయలేదు. కాగితం తీసి మళ్ళీ పరుపు కింద పెట్టేసేదాన్ని.

అంతా ముందే రాసి ఉందన్నారు. మరి ఈ నాలుగు మాటలు కూడా ఆ దేవుడే రాసుకోవచ్చు కదా, నన్నెందుకు అడగడం? నన్ను ఎప్పుడు ఎవరు అడిగారు? పెళ్ళికి మా నాన్న అడగలేదు. బహ్రెయిన్ పంపేటప్పుడు మీరూ మీ అన్నయ్యా గుమ్మంలో నిలబడి మాట్లాడుకుని, పాస్‌పోర్టు ఫోటోకి రమ్మన్నారు. ఏ ఇంట్లో చెయ్యాలో ఏజెంటు చెప్పాడు, ఏ శుక్రవారం సెలవో మేడం చెప్పింది. ఇప్పుడు మొదటిసారి ఒక మాట నా చేతిలో పెట్టారు, అదీ నేను లేకుండా మీరు బతకడానికి.

పరమేశ్ దగ్గర నెంబరు తీసుకుని పరశురాం గారికి ఫోను చేశాను. గట్టిగా నాలుగు అడగాలనే చేశాను. మా ఆయనకి ఏం పెట్టారు, ఏం చదివించారు అన్నాను. ఆయన విసుక్కోలేదు. అంతా విని, “అమ్మా, మీరు వద్దు అనొచ్చు. అనగలరు కాబట్టే మిమ్మల్ని అడగమన్నాం. వద్దంటే ఆయన్ని అక్కడ తీసుకోరు” అన్నారు. నాకు అప్పుడు ఇంకా భయం వేసింది. అవునన్నా కాదన్నా అది నాదే, ఇంకెవరి మీదా తోయడానికి లేదు.

సమ్మతి ఇంకా రాయలేదు. ముందు నాకు ఒకటి చెప్పండి. దేవుడి సంగతి పక్కన పెట్టి మీ సంగతి చెప్పండి. నేను వాగుతానని, అన్నిటికీ బెంగపడతానని విసుగొచ్చిందా? ఆ ఇంట్లో నా గోల పడలేక పోతున్నారా? అయితే అలాగే రాయండి. ఏడుస్తాను గాని తెలుసుకుంటాను.

వీరలక్ష్మి


హమద్ టౌన్,
గురువారం

ప్రియమైన వీరలక్ష్మికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నిజం రాస్తున్నాను, ఎవరికీ చూపించకు.

నాకు వినబడటం లేదు. ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడిచెవికి మాట గొణుగుడులా వస్తుంది. రెండేళ్ళయింది. గుడి దగ్గర నువ్వు మాట్లాడుతుంటే నీ పెదాలు చూసి, మొహం చూసి, నవ్వాల్సిన చోట నవ్వేవాడిని. మిగతా చోట తల ఊపేవాడిని. ఫోనులో ఆ పాటి కూడా కుదరదు. ఇక్కడ తెలిస్తే వాచ్‌మన్ పనిలోంచి తీసేస్తారని ఎవరికీ చెప్పలేదు. పరమేశ్ కి అనుమానం ఉంది, వాడు అడగడు.

వారంలో ఒక్కపూట కాబట్టి నెట్టుకొచ్చాను. ఊరికి వెళ్తే శనివారం ఉంటుంది, ఆదివారం ఉంటుంది. నువ్వు వంటింట్లోంచి పిలుస్తావు, నేను పలకను. మనకి కలిసి ఉండటం అలవాటు లేదు వీరలక్ష్మీ, సెలవులకి చుట్టాల్లా ఉన్నాం అంతే. ఇక చెవిటివాడినై వచ్చి నీ నెత్తిన కూర్చోవాలా అనిపించింది. ధ్యానంలో వినబడాల్సిన పని లేదు. అక్కడ దొరికే నెమ్మది అబద్ధం కాదు, అది నాకు కావాలి. కానీ నన్నెవరూ లాక్కెళ్ళలేదు. సిగ్గుపడి నేనే వెళ్ళాను, దేవుడి పేరు పెట్టాను.

ఇంకొక మాట. ఈ ఉత్తరాల్లో నువ్వు చెప్పేదంతా పూర్తిగా తెలిసింది. ఇంతకాలం నువ్వు ఇలా మాట్లాడుతున్నావని నాకు తెలియదు.

సమ్మతి ఇస్తావో లేదో నీ ఇష్టం. ఈసారి ఆ మాట నిజంగానే అంటున్నాను.

వెంకన్న


మహూజ్,
జనవరి 25, ఆదివారం

ప్రియమైన మీకు,

మీ వీరలక్ష్మి నమస్కరించి రాసుకునేది.

పోయిన ఏడాది ఒక శుక్రవారం మీతో ఒక మాట చెప్పాను. ఆ ఇల్లు మనం కట్టామే గాని అందులో ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టుకోవాలో కూడా నాకు తెలీదు, మీతో రోజూ ఉండటం ఎలాగో తెలీదు, భయంగా ఉంది అన్నాను. మీరు తల ఊపి టీ తాగేశారు. అప్పట్నుంచి ఆ తల ఊపడాన్ని మోస్తున్నాను. ఈయనకి నా భయం ఇంతేనా అనుకున్నాను. వినబడలేదన్నమాట. కోపం పోయింది, దాని చోట ఇంకో బెంగ వచ్చి కూర్చుంది. రోడ్డు దాటేటప్పుడు వెనక బండి హారను కొడితే మీకెలా తెలుస్తోంది? ఇన్నాళ్ళూ ఎలా దాటారు?

ఇక సమ్మతి మాట. రాయను.

కోపంతో అనడం లేదు. మీ ధ్యానం తప్పని కూడా అనను. మీ పక్కన కూర్చునేదెవరో నాకు తెలీదు, ఉండనివ్వండి. మన ఇంట్లో తూర్పు గది మీకు ఇచ్చేస్తాను, తలుపు వేసుకుని ఎంతసేపైనా కూర్చోండి, కర్రతో పొడవను. నేను చెప్పాల్సింది పలక మీద రాస్తాను, నా అక్షరాలకీ పని దొరుకుతుంది. అన్నీ రాయలేను కాబట్టి మీకు సగం బెంగలే అందుతాయి, అది మీ అదృష్టం.

నేను రాయకపోయినా మీరు వేరే ఎక్కడికైనా పోవచ్చు, కాళ్ళు కట్టేసేది ఎవరూ లేరు. అలా పోతే మాత్రం నేనే పోతున్నాను అని చెప్పి పొండి. ఇది రాసి పొరపాటు చేస్తున్నానేమో, మీ నెమ్మది నేనే చెడగొడుతున్నానేమో అని నిద్ర పట్టడం లేదు. దేవుడు నన్ను తిడితే పడతాను. అయినా నా చేత్తో రాస్తున్నది ఇదే. నాకు మీతో ఉండాలని ఉంది.

మేడంకి మొత్తం చెప్పేశాను, మీ ఉత్తరం ఎవరికీ చూపించకన్నారు గాని చెప్పకుండా సెలవు రాదు. సల్మానియా ఆసుపత్రిలో చెవుల డాక్టరు దగ్గరికి ఎలా వెళ్ళాలో ఆవిడ వాళ్ళ తమ్ముణ్ణి అడిగి చెప్తానంది. రంజాన్ మొదలైతే నన్ను వంటింట్లోంచి కదలనివ్వరు, అందుకని ఇప్పుడే వస్తున్నాను. మీరు మనామా రానక్కర్లేదు. మీ మౌనం మీరు చేసుకోండి, నేనే హమద్ టౌన్ వచ్చి మీ గదిలో ఎదురుగా కూర్చుంటాను. పరమేశ్ బండిలో తీసుకొస్తానన్నాడు. జనవరి 30, శుక్రవారం, పొద్దున్నే.

మీ
వీరలక్ష్మి