బీరువాలో దాచిన డిస్కు

డేరా, దుబాయ్
మే, 2025

చెల్లెలు సల్మాకు,

అస్సలాము అలైకుమ్. అల్లా దయవల్ల నేను కులాసాగానే ఉన్నాను, ఎండలే బాగాలేవు. నువ్వు, బావ, పాప ఫైజా చల్లగా ఉన్నారనుకుంటూ రాస్తున్నాను. ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. నువ్వు ఏడుపు మొదలుపెడితే నేను సగంలోనే మాట మార్చేస్తాను, నా సంగతి నీకు తెలియనిదా? అందుకే మా గదిలో ఉండే ఫర్దీన్ సెలవు మీద నెల్లూరు వస్తుంటే అతని చేతికి ఇస్తున్నాను. బావ అడిగిన మోకాలి నొప్పి మందు పొట్లంలో ఉంది. అల్ ఐన్ ఖర్జూరాలు ఫైజాకి. నువ్వే తినేయకు.

ఇక నువ్వు పంపిన నీ పెళ్లి వీడియో హార్డ్ డిస్కు సంగతి. దానితో పంపిన చీటీలో అడిగావు: "ఇన్నేళ్లు ఒక్కరి చెయ్యి పడనీలేదన్నా. పట్టుగుడ్డలో చుట్టి బీరువాలో నగల పక్కన పెట్టినా. మరి ఎట్టా చెడిపోయింది?"

ఇక్కడ పాడైన డిస్కులు బాగుచేసే తారిఖ్ అని ఒకాయన ఉన్నాడు. హైదరాబాద్ మనిషి. నోరు కరుకు, పని మంచిది. డిస్కు అతని చేతికిచ్చి నీ ప్రశ్నే అడిగాను.

"అరే భాయ్, ఇది బంగారమా, పెట్టెల పెడితే అట్లనే ఉండనీకి? లోపల పళ్లెం తిరగాలె. ఏండ్లకేండ్లు ఊకె పడుంటే పట్టేస్తది," అన్నాడు.

వాడకుండా వదిలేసిన బోరు మోటారులాగా అన్నమాట. అదే కారణమని అతను ఒట్టేసి చెప్పలేదులే. రోజూ వాడే డిస్కులూ పోతాయట. కాకపోతే వాడుతుంటే జబ్బు ముందే బయటపడుతుంది, ఈలోగా ఇంకోదాంట్లోకి ఎక్కించుకోవచ్చు. "ఒక్క తావులనే పెట్టినవా? అసలు దాసుకోనట్టే," అని నా మీద కేకలేశాడు. మన సంగతి అతనికేం తెలుసు! అమ్మ పోయినప్పుడు మన మేనత్త, "పోయినోళ్ల బొమ్మ చూస్తే వాళ్ల ఆత్మ నొచ్చుకుంటాది, ఎవురూ చూడబాకండి" అనింది. అమ్మ ఉన్న వీడియో నీ పెళ్లిది ఒక్కటే కాబట్టి ఆ డిస్కు జోలికే మనం పోలేదు.

ఫైజాకి అమ్మమ్మను చూపించాలని ఎంత తపించావో, మేనత్తను ఎలా బతిమాలి ఒప్పించావో నాకు తెలుసు. అందుకే దాచకుండా రాస్తున్నాను. వీడియో రాలేదు సల్మా. తారిఖ్ ఎలాగో పళ్లేన్ని తిప్పగలిగాడు గానీ, మనకు కావలసిన చోటంతా గీతలు పడిపోయింది. చాలా రోజులు తంటాలు పడి చివరికి "ఖలాస్ భాయ్" అన్నాడు. కదిలే అమ్మ బొమ్మ మనకిక ఎక్కడా లేదు.

ఇంకో మాట ఉంది. తిట్టినా పడతాను. పెళ్లికి నేను రాలేకపోయానని అప్పట్లో బావ ఆ వీడియో పెన్ డ్రైవ్‌లో పంపించాడు. అమ్మ పోయాక మేనత్త మాట విని నేను బొమ్మ తుడిచేశాను, డిస్కు నీ దగ్గర భద్రంగా ఉందిగా అన్న ధైర్యంతో. తుడిచేముందు శబ్దాన్ని వేరు చేసుకున్నాను, అమ్మ గొంతు మాత్రం తుడవలేకపోయాను. చూడొద్దన్నారు గానీ వినొద్దనలేదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకుని, దాన్ని ఫోనులో పెట్టుకున్నాను. శుక్రవారం నమాజు అయ్యాక గదిలో వంట నాది. ఉల్లిపాయలు తరుగుతూ వింటాను, కళ్లు తుడుచుకున్నా ఎవరూ అడగరు. ఫోను మార్చిన ప్రతిసారీ ముందు దాన్నే ఎక్కించుకున్నాను. అందుకే అది మిగిలింది. నువ్వు పెద్దల మాట మీద నిలబడితే నేను ఇలా వింటున్నానని చెప్పడానికి సిగ్గేసింది.

తారిఖ్ చేత దానికి కాపీలు చేయించాను. ఒకటి ఈ పొట్లంలో ఉంది, ఇంకోటి బావ ఫోనుకు పంపుతాను. ఫైజాని ఒళ్లో కూర్చోబెట్టుకుని విను.

పెళ్లి సందడిలో అమ్మ గొంతు నీ వెంటే తిరుగుతుంటుంది. "సల్మా, తిన్నావా లేదా? సల్మా, యాడుండావే?" అని. నా పేరు ఒక్కసారి కూడా రాదు. ఆ రోజు నేను ఇక్కడ ఉన్నాను, ఎలా వస్తుంది? ఇన్నాళ్లూ ఆమె నిన్ను పిలుస్తుంటే నేను వింటూ కూర్చున్నాను. ఇక నువ్వు పలుకు తల్లీ.

ఇట్లు,
నీ అన్న
సనావుల్లా