నీడ పోయిన గంధకచ్చూరాలు

సరోజా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇంటి వెనక వేపచెట్టు నీడలో నువ్వు నాటిన గంధకచ్చూరాలు, వాటి దుంపలు తలనూనెలోకి దంచేదానివే, అవి ఈ వానలకూ మొలిచి నేలంతా పరుచుకున్నాయి.

నిన్న కరెంటు తీగలకు అడ్డమని ఆ చెట్టు కొట్టేశారు.

"కొమ్మలు గొడితే సాలదా బిడ్డా? కింద మొక్కలకు నీడ గావాలె" అని బతిమాలాను.

"మేమేం జేస్తం పెద్దాయనా, మొదలంటా కొట్టమన్నరు" అన్నాడు లైన్‌మన్.

ఇవాళ ఎండకు ఆకులు వాడిపోయాయి. నీ పాత చీర కర్రలకు కట్టి పైన కప్పితే గాలికి నిలవలేదు.

"అమ్మ ఉంటే ఏం జేసేదే?" అని మన సుజాతను అడిగాను.

"నాకేం ఎరుక నాయనా" అంది.

ఇద్దరం చెరో అంచు పట్టుకుని, పొద్దు వాలేదాకా మొక్కల మీద చీర పందిరిలా పట్టి నిలబడ్డాం. రేపు సుజాత ఇల్లందుకు డ్యూటీకి పోవాలి.