చెరిపేసిన గీత

రేపల్లె,
17-7-1988.

అమ్మాయి దేవకుమారికి,

ప్రభువు కృప నీకు తోడుండాలని కోరుతూ నాన్న రాసేది. ఆయన దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. బాపట్లలో నువ్వూ కులాసాగా ఉన్నావని తలుస్తాను.

అమ్మ మోకాళ్ల సంగతి అడిగావు. తెనాలి తీసుకెళ్లి చూపించాను. మాత్రలు రెండు రోజులు వేసుకుని, "తగ్గిందిగా, ఇంకెందుకు" అని మానేసింది. ఆవిడ సంగతి నీకు తెలిసిందే.

కొత్త బడిలో పిల్లలకు గ్రాఫులో గీత వాలు ఎంత చెప్పినా ఎక్కడం లేదనీ, సూత్రం మాత్రం గడగడా అప్పజెబుతున్నారనీ రాశావు. సూత్రంతో మొదలుపెడితే ఎవరికెక్కుతుందమ్మా? ముందు వాళ్లను కాలవకట్ట ఎక్కించు. ఒక అడుగు ముందుకు జరిగితే ఎంత ఎత్తు పెరిగిందో కొలిపించు. అదే వాలు. దిగేటప్పుడు మైనస్. సమీకరణం చూడగానే గీత ఎక్కుతుందో దిగుతుందో వాళ్ల నోటితోనే చెప్పించు. బిందువులు ఆ తర్వాత.

ఇంత బాగా రాస్తున్నాను గానీ, నేనలా చెప్పినవాణ్ణి కాదు. పరీక్షల ముందు పది గ్రాఫులు బోర్డు మీద వేసి బట్టీ పట్టించడమే నా పద్ధతి. ఒక సంగతి నీకు రాయాలా వద్దా అని నాలుగు రోజులుగా మథనపడుతున్నాను.

జనవరిలో పదో తరగతికి 2x + y = 6 గ్రాఫు వేశాను. 2x ను అటు పక్కకు మారుస్తూ గుర్తు మార్చడం మరిచాను. దిగాల్సిన గీత పైకెక్కింది. భట్టిప్రోలు నుంచి బస్సులో వచ్చే సామ్రాజ్యం అనే పిల్ల లేచింది. తల్లితో పాటు నాట్లకూ కోతలకూ వెళుతూ, సగం రోజులే బడికొచ్చే పిల్ల.

"సార్, x పెరిగితే y తగ్గాలి కదండీ. గీత కిందికి దిగాలండి."

"నాకు చెప్పొచ్చావా? కూర్చో!" అని బెత్తంతో రెండు వేశాను. తరగతంతా నవ్వింది.

ఆ సాయంత్రమే ఇంట్లో తప్పు చూసుకున్నాను. కొట్టిన పిల్ల ముందే తప్పొప్పుకుంటే లెక్కల మాస్టారి పరువేం కాను అనుకుని, ఊరుకున్నాను. మార్చిలో పబ్లిక్ పరీక్షలో అదే లెక్క వచ్చింది. గ్రాఫుకు అయిదు మార్కులు. మిగతావాళ్లు ఎలాగో గట్టెక్కారు. ముప్ఫై అయిదు రావాల్సిన చోట సామ్రాజ్యానికి ముప్ఫై రెండు వచ్చాయి.

పోయిన బుధవారం ఆ పిల్లను వెతుక్కుంటూ భట్టిప్రోలు వెళ్లాను. నాట్లేస్తోంది. గట్టు మీద నిలబడి, "తప్పు నాదేనమ్మా. సెప్టెంబరు పరీక్షకు నేనే చెబుతాను, రా" అన్నాను.

ఆ పిల్ల నడుం ఎత్తలేదు. "తెలుసండి" అంది.

"ఏంటి తెలుసు?"

"గీత దిగాలనండి. పరీక్షలో ముందు అట్టాగే గీశానండి. మీరు కొట్టింది గుర్తొచ్చి రబ్బరుతో చెరిపేసి, మీరు చెప్పినట్టే గీశా. ఇంక నాకు చదువొద్దండి, సార్. మీరెళ్లండి."

పక్కనున్న ఆడవాళ్లు నా వంక చూస్తుంటే తలెత్తలేకపోయాను. బస్సులో ఏడుపు ఆగలేదు. రేపు ఈ ఏటి పదో తరగతి పిల్లలందరి ముందూ నా తప్పు చెబుతాను. వినాల్సిన పిల్ల మాత్రం అక్కడుండదు.

నీకూ లెక్కలు చెప్పింది నేనే కదా. నువ్వు కూడా నాకు భయపడి, సరిగ్గా వేసినవి ఎప్పుడైనా చెరిపేశావా తల్లీ? నా మనసు నొచ్చుకుంటుందని చూడకు, ఉన్నదున్నట్టు రాయి.

ఇట్లు,
నీ జవాబుకు భయపడుతున్న నాన్న,
ప్రభుదాస్