కళ్లు పెట్టని చేప

కుముదినీ,

ఈ కార్డు రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను, నువ్వు చదవకుండానే పొయ్యిలో పెడతావని. ముందు ఒక మాట: మన రంభ క్షేమం. ఢిల్లీలో దాన్ని వెతకొద్దన్నావు, నేను వెతకనూలేదు. జిలేబీ కోసం దారి తప్పాను (ఇక్కడి జిలేబీ మన మధుబనిదాని ముందు ఉత్త జిగురు). ఎదురుగా మూడంతస్తుల గోడ. దాని మీద, కొత్త దంపతుల గదిలో నువ్వు వేసే తామరలూ చేపలూ. పరంజా మీద మన పిల్ల.

ఏనుగంత చేపకు కళ్లు లేవు.

"గుడ్డి చేపను ఎవరు కొంటారే అమ్మాయ్?" అన్నాడు కింద రిక్షా అతను.

"కళ్లు మా అమ్మ పెట్టాలి చాచా. మా ఇంట్లో పెద్దావిడ పెడితేనే బొమ్మ పూర్తయినట్టు."

"మీ అమ్మ నీతో మాట్లాడదుగా," అన్నాను.

"మాట్లాడొద్దు బాబూజీ. కళ్లు పెట్టి వెళ్లిపొమ్మను."

గదిలో ఉండాల్సిన బొమ్మను వీధికెక్కించిందని నీ కోపం. మధ్యలో నేను దూరను. అయినా మామిడిచెట్లెక్కేదానివి, పరంజా నీకో లెక్కా? గేదె ఈనిందా? ఒకవేళ వస్తే మన చెరువు మఖానా గింజలు వేయించి తీసుకురా. ఇంట్లో చిన్నవాళ్లకు నా దీవెనలు.

సాయంత్రం పరంజా మనిషి వచ్చి విప్పెయ్యనా అని అడిగాడు. ఆదివారం దాకా ఉండనీ అంది.

నీ బచ్చన్ ఝా